పెరటి పంటలతో సలాడు రసము

మన రైతు కుటుంబములలో ఒక వింత పరిస్థితి కనిపించుచున్నది. పసుపు పండించువారము మనమే. నువ్వులు, వేరుశనగ పండించువారము మనమే. నిమ్మ, అల్లము, వెల్లుల్లి, కొత్తిమీర, కూరగాయలు అన్నియు మన పొలములనుండియే అంగడికి పోవుచున్నవి. కాని పంట అమ్మిన పిదప ఆ యింటి కంచములో మిగులునది తరచుగా అన్నము, ఊరగాయ, పలుచని చారు మాత్రమే. పొలములో ఒంగి నాట్లు వేసి, కలుపు తీసి, మోకాళ్లు, నడుము నొప్పులతో ఇంటికి వచ్చు స్త్రీ నొప్పిమాత్ర మ్రింగి పడుకొనుచున్నది. తాను పండించిన పసుపు మాత్రము పట్టణములో రంగురంగుల సీసాలలోనికి చేరి, ఎక్కువ ధరకు మరల గ్రామమునకే వచ్చుచున్నది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార నియమావళి ప్రకారము, దినమునకు 2000 కిలోకాలరీల శక్తి అవసరమగు వ్యక్తి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినవలెను. తన ఇంట ఎంత వండుచున్నారో ఒక దినము తూచి చూచుకొన్నచో లోటు ఎంతయో ఎవరికి వారికే తెలియును. ఈ లోటును తీర్చుటకు సులభమైన మార్గము భోజనముతో పాటు కొన్ని పచ్చి కూరముక్కలు తినుట. కాని ఉత్త ముక్కలు నోటికి రుచింపవు. వాటికి పుల్లగా, కారముగా, కమ్మగా ఒక రసము కలిపినచో పిల్లలు సైతము ఇష్టపడి తిందురు. దీనినే పట్టణములలో సలాడ్ డ్రెస్సింగు అందురు. ఈ వ్యాసములో దీనిని సలాడు రసము అని వ్యవహరింతము. దీనిని ఇంటిలో ఎట్లు చేయవలెనో, అందులోని ప్రతి దినుసు ఏ పని చేయునో, దానివలన ఎంత మేలు ఆశింపవచ్చునో, ఎంత ఆశింపరాదో ఈ క్రింద వివరింపబడినది.

ఇది మనకు పూర్తిగా క్రొత్త విషయము కాదు. శ్రీరామనవమినాడు నానబెట్టిన పెసరపప్పులో నిమ్మరసము, కొత్తిమీర కలిపి వడపప్పు చేయుచున్నాము. పెరుగుపచ్చడి చేయుచున్నాము. కూరలలో ఆవపిండి నూరి పెట్టుచున్నాము. తెలంగాణములో పొయ్యి మీద పెట్టకయే పచ్చిపులుసు చేయుదురు. సలాడు రసము ఈ కుటుంబమునకు చెందినదే.

శోథము అనగా నేమి?

కాలిలో ముల్లు దిగినప్పుడు ఆ చోటు ఎర్రబారును, వేడెక్కును, వాచును, నొప్పి పెట్టును. ఈ నాలుగు లక్షణములను సుమారు 2000 సంవత్సరములకు పూర్వమే రోమునకు చెందిన సెల్సస్ అను గ్రంథకర్త వ్రాసి యుంచెను. దీనినే వైద్యులు శోథము అందురు. ఇది చెడ్డది కాదు. శరీరము తన్ను తాను రక్షించుకొను పద్ధతి ఇది. ముల్లు తీసి, పుండు మానగానే శోథము తగ్గిపోవును.

చిక్కు ఎప్పుడు వచ్చుననగా, ఈ శోథము ఆరిపోక సంవత్సరముల తరబడి కొద్దికొద్దిగా మిగిలియున్నప్పుడు. ఊకకుప్పకు అంటుకొన్న నిప్పు పైకి మంట కనిపింపకయే లోలోపల రాజుకొనునట్లు, ఇది రక్తనాళములను, కీళ్లను, కాలేయమును మెల్లగా దెబ్బతీయును. గుండెజబ్బు, మధుమేహము, కొన్ని రకముల కీళ్లవాపులు ఇట్టి దీర్ఘకాలిక శోథముతో సంబంధము గలవి. పొట్ట చుట్టు పేరుకొన్న కొవ్వు, పొగత్రాగుట, నిద్రలేమి, చిగుళ్ల జబ్బు, కూరగాయలు తక్కువై వేపుళ్లు, తీపి పదార్థములు ఎక్కువైన భోజనము దీనిని పెంచును.

దీనిని తగ్గించునది ఏ ఒక్క దినుసో కాదు, మొత్తము భోజన పద్ధతి. స్పెయిన్ దేశములో గుండెజబ్బు వచ్చు అవకాశము ఎక్కువగా నున్న సుమారు 7400 మందిపై జరిగిన పరిశోధన ఫలితములు 2013లో వెలువడి, సరిచూడబడి 2018లో మరల ప్రకటింపబడినవి. కూరగాయలు, పండ్లు, పప్పులు, చేపలు ఎక్కువగాను, వాటితో పాటు ఆలివ్ నూనె గాని గింజపప్పులు గాని తిన్నవారిలో గుండెపోటు, పక్షవాతము వంటివి సుమారు 30 శాతము తక్కువగా వచ్చినవి. అచ్చటివారు ప్రతి దినము పచ్చి కూరలపై ఆలివ్ నూనె, పులుపు కలిపి తిందురు. మంచి ఆలివ్ నూనె గొంతులో కొంచెము మంట పుట్టించును. ఆ మంటకు కారణమైన ఓలియోకాంథాల్ అను పదార్థము నొప్పిమాత్రయైన ఐబుప్రొఫెన్ వలెనే పని చేయునని 2005లో శాస్త్రజ్ఞులు తెలిపిరి.

ఆలివ్ చెట్టు మన ప్రాంతపు పంట కాదు, నూనె ఖరీదు కూడ ఎక్కువ. కనుక మన గానుగ నూనెతో, మన దినుసులతో అదే పద్ధతిని అనుసరింపవచ్చును. నువ్వుల నూనె అన్ని విధముల ఆలివ్ నూనెతో సమానమని చెప్పుట కాదు. పచ్చి కూరలు, మంచి నూనె, పులుపు, సుగంధ దినుసులు కలిపి ప్రతి దినము తినుట అను అలవాటు ఇచ్చట ముఖ్యము.

నూనె ఎందులకు?

ఆరోగ్యము కొరకు తినునప్పుడు నూనె లేకుండుటయే మంచిదని కొందరు తలచుదురు. ఇది పొరపాటు. క్యారెట్టు, టమాట, ఆకుకూరలలో విటమిన్-ఎ గా మారు కెరోటిన్, దానికి సంబంధించిన ఇతర వర్ణ పదార్థములు గలవు. ఇవి నీటిలో కరుగవు, కొవ్వులోనే కరుగును. అమెరికాలోని అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు 2004లో ప్రకటించిన పరిశోధనలో, ఒకే విధమైన సలాడును కొవ్వు లేని రసముతోను, కొవ్వు గల రసముతోను తినిపించి రక్తమును పరీక్షించిరి. కొవ్వు లేని రసముతో తిన్నప్పుడు ఈ పదార్థములు రక్తములో దాదాపు చేరనే లేదు. కనుక నూనె రుచి కొరకు మాత్రమే కాదు. పొలములో ఎరువు వేసి నీరు పెట్టకున్నచో పైరుకు అందనట్లే, నూనె లేనిచో క్యారెట్టు తిన్నను అందులోని బలము చాలవరకు ఒంటికి పట్టదు.

అట్లని నూనె ఎక్కువ కారాదు. పైన చెప్పిన నియమావళి ప్రకారము దినమునకు 27 గ్రాముల నూనె చాలును. ఇచ్చట చెప్పు కొలతలో మనిషికి వచ్చునది సుమారు 5 గ్రాములే. ఆ మేరకు వేపుళ్లలో తగ్గించుకొనవలెను.

ఏ దినుసు ఏమి చేయును?

నువ్వుల నూనె: ఇందులో అసంతృప్త కొవ్వు ఆమ్లములు 80 శాతమునకు పైగా నుండును. సెసమిన్, సెసమోలిన్ అను పదార్థములు సహజముగా ఉండుటచేత ఇది త్వరగా కంపు పట్టదు. గానుగలో తీసిన క్రొత్త నూనె వాడవలెను. ఒకసారి వేపుడుకు వాడిన నూనెను ఎంత మాత్రము వాడరాదు. నువ్వుల నూనె లేనిచో వేరుశనగ నూనె వాడవచ్చును.

పసుపు: పసుపునకు రంగు నిచ్చునది కర్కుమిన్. దీనిని మొదట 1815లో వేరుచేసిరి. సాధారణముగా ఎండు పసుపులో ఇది సుమారు 2 మొదలు 5 శాతము వరకు ఉండును. ప్రతిభ వంటి రకములలో సుమారు 6 శాతము ఉండును. కర్కుమిన్ శోథమును పెంచు కొన్ని రసాయన మార్గములను అడ్డగించునని ప్రయోగశాలలలో తేలినది. అయితే ఇది నీటిలో కరుగదు, నూనెలో కరుగును. తిన్నదానిలో చాల కొద్ది భాగమే రక్తములో చేరును.

మిరియాలు: మిరియములలోని ఘాటుకు కారణము పైపరిన్. బెంగుళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాల శాస్త్రజ్ఞులు 1998లో ప్రకటించిన పరిశోధనలో, 2 గ్రాముల కర్కుమినుతో 20 మిల్లీగ్రాముల పైపరిన్ కలిపి ఇచ్చినప్పుడు మనుష్యుల రక్తములో చేరిన కర్కుమిన్ 20 రెట్లు పెరిగినట్లు తేలెను. పాలలో పసుపుతో మిరియాలు కలిపి త్రాగించు మన పెద్దల అలవాటులో సత్యము కలదు.

అల్లము: అల్లములోని జింజరాల్ అను పదార్థములు శోథమును, వికారమును కొంత తగ్గించును. మోకీళ్ల అరుగుదలలో నొప్పిని కొద్దిగా తగ్గించినట్లు కొన్ని పరిశోధనలు తెలిపినవి. పీచు ముదరని తాజా అల్లము మంచిది.

వెల్లుల్లి: చితుకగొట్టినప్పుడే ఇందులోని అల్లిసిన్ తయారగును. పూర్తి రెబ్బలో అది ఉండదు. కనుక వెల్లుల్లిని నూరి 10 నిమిషములు ఉంచి, పిదప కలుపవలెను.

ఆవాలు: పొడి ఆవాలకు ఘాటు లేదు. నీరు చేర్చి నూరినప్పుడు లోపలి రెండు పదార్థములు కలిసి ఘాటు పుట్టును. వేడి తగిలినచో ఆ శక్తి నశించును. ఆవాలకు మరియొక ఉపయోగము కలదు. నూనె, పులుపు ఒకదానితో ఒకటి కలియవు. నూరిన ఆవాల జిగురు నూనె బిందువుల చుట్టు పొరవలె పట్టి, అవి మరల ఒకటిగా చేరకుండ ఆపును. అందువలన రసము చిక్కగా నుండి ముక్కలకు పట్టును.

నిమ్మ: నిమ్మరసములోని విటమిన్-సి, ఆకుకూరలలోను పప్పులలోను గల ఇనుము ఒంటికి పట్టుటకు సహాయపడును. మన దేశములో 15 మొదలు 49 సంవత్సరముల వయస్సు గల స్త్రీలలో 57 శాతము మంది రక్తహీనతతో నున్నట్లు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపినది. కనుక మన ఇండ్లలో నిమ్మకాయ విలువ ఇంతింత కాదు. రసమును అప్పటికప్పుడు పిండవలెను. నిలువయుంచినచో విటమిన్-సి క్రమముగా తగ్గిపోవును.

కావలసిన పదార్థములు

ఐదుగురికి, అర కిలో కూరముక్కలకు సరిపడు కొలత ఇది. టీచెంచా అనగా 5 మిల్లీలీటర్లు, పెద్ద చెంచా అనగా 15 మిల్లీలీటర్లు.

నువ్వుల నూనె – 2 పెద్ద చెంచాలు
నిమ్మరసము – 2 పెద్ద చెంచాలు (సుమారు 2 కాయలు)
నీరు – 2 పెద్ద చెంచాలు
ఆవాలు – అర టీచెంచా
పసుపు – అర టీచెంచా
మిరియాల పొడి – అర టీచెంచా
అల్లము – అంగుళము ముక్క
వెల్లుల్లి – 2 రెబ్బలు
ఉప్పు – అర టీచెంచా
బెల్లపు తురుము – పావు టీచెంచా (ఇష్టమైనచో)
కొత్తిమీర – గుప్పెడు

చేయు విధానము

1. వెల్లుల్లిని, చెక్కు తీసిన అల్లమును రోటిలో మెత్తగా నూరి 10 నిమిషములు ప్రక్కన ఉంచవలెను.

2. నూనెను చిన్న గిన్నెలో పోసి సన్నని సెగమీద వేడిచేయవలెను. పొగ రానీయరాదు. గిన్నెను దింపిన పిదప పసుపు, మిరియాల పొడి వేసి కలుపవలెను. దీనివలన పసుపు పచ్చివాసన పోవును, కర్కుమిన్ నూనెలోనికి దిగును. పొయ్యి మీద ఉండగా పసుపు వేసినచో మాడి చేదెక్కును.

3. ఈ నూనెను పూర్తిగా చల్లారనీయవలెను. వేడి నూనె కలిపినచో ఆవాల ఘాటు, నిమ్మలోని విటమిన్-సి రెండును తగ్గిపోవును.

4. ఆవాలను కొద్ది చల్లని నీరు చిలకరించి నూరి, 5 మొదలు 10 నిమిషములు ఉంచవలెను. ఘాటు పుట్టిన పిదపనే నిమ్మరసము చేర్చవలెను. పులుపు ముందుగా తగిలినచో ఘాటు సరిగా పుట్టదు.

5. ఆవాల ముద్ద, అల్లము-వెల్లుల్లి ముద్ద, ఉప్పు, బెల్లము, నిమ్మరసము, మిగిలిన నీరు ఒక గిన్నెలో కలుపవలెను.

6. చల్లారిన పసుపు నూనెను సన్నని ధారగా పోయుచు చిన్న కవ్వముతో గాని చెంచాతో గాని వడిగా చిలుకవలెను. లేక అన్నియు మూతగల గాజుసీసాలో పోసి, మూత బిగించి, ఒక నిమిషము సేపు బాగుగా కుదుపవలెను. రసము లేత పసుపు రంగుతో చిక్కబడును. కొంత సేపటికి నూనె తేలినచో మరల కుదిపిన సరిపోవును.

7. కొత్తిమీర తరిగి చివర కలుపవలెను.

పాత్రల విషయములో జాగ్రత్త అవసరము. నిమ్మరసము గట్టి పులుపు. కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలలోను, అల్యూమినియము గిన్నెలలోను ఉంచినచో లోహము రసములోనికి దిగును. గాజు, జాడీ, రాతి, స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రలు వాడవలెను.

ఏ కూరలకు కలుపవలెను?

కీరదోస, క్యారెట్టు, టమాట, ముల్లంగి, క్యాబేజీ, ఉల్లి, ఉల్లికాడలు, లేత దోస, మొలకెత్తిన పెసలు ఇందుకు పనికివచ్చును. బీటురూటు ఉడికించి ముక్కలు చేసి కలుపవచ్చును. ఉడికించిన శనగలు, అలసంద గుగ్గిళ్లకు కలిపినచో మంచి ఉపాహారమగును, మాంసకృత్తులు కూడ లభించును. పళ్లు లేని వృద్ధులకు క్యారెట్టు, చిక్కుడు, సొర ముక్కలను ఆవిరిమీద మెత్తబరచి, చల్లారిన పిదప ఈ రసము కలిపి పెట్టవలెను.

రసమును తినుటకు ముందుగా మాత్రమే ముక్కలలో కలుపవలెను. ముందే కలిపినచో ఉప్పు ముక్కలలోని నీటిని బయటికి లాగి, ముక్కలు మెత్తబడి, రసము పలుచనగును. పొలమునకు తీసికొనిపోవువారు ముక్కలను ఒక డబ్బాలోను, రసమును చిన్న గాజుసీసాలోను వేరుగా పట్టుకొని పోవలెను. ఉదయము చేసిన రసమును ఆ మధ్యాహ్నమే ముగింపవలెను.

మరి మూడు విధములు

పెరుగు రసము: కారము తినలేని పిల్లలకు ఇది మంచిది. 200 గ్రాముల గట్టి పెరుగును చిలికి, ఒక పెద్ద చెంచా నూనెలో పైన చెప్పినట్లు పావు టీచెంచా పసుపు, పావు టీచెంచా మిరియాల పొడి కలిపి చల్లార్చి చేర్చవలెను. వేయించిన జీలకర్ర పొడి, పుదీన, తగినంత ఉప్పు వేయవలెను. ఆ పూటకు ఆ పూటయే చేసికొనవలెను.

నువ్వుల ముద్ద రసము: 4 పెద్ద చెంచాల నువ్వులను దోరగా వేయించి మెత్తగా నూరవలెను. నిమ్మరసము, ఒక వెల్లుల్లి రెబ్బ, ఉప్పు, మిరియాల పొడి చేర్చి, నీటితో గరిటెజారుగా కలుపవలెను. నువ్వులలో సుమారు సగము నూనెయే గనుక వేరుగా నూనె అక్కరలేదు. పశ్చిమ ఆసియా దేశములలో తహీనా అను పేరుతో ఇట్టి ముద్దనే వాడుదురు.

అవిసె రసము: అవిసె గింజలలో సుమారు 40 శాతము నూనె ఉండును. ఆ నూనెలో సగమునకు పైగా ఒమేగా-3 జాతికి చెందిన కొవ్వు ఆమ్లమే. చేపలు తిననివారికి ఇది ముఖ్యము. ఒక పెద్ద చెంచా గింజలను కొద్దిగా వేయించి, అప్పటికప్పుడు పొడిచేసి మొదటి రసములో కలుపవలెను. పొడిచేసి నిలువయుంచినచో గాలి తగిలి త్వరలో చెడును. గింజను నమలక మ్రింగినచో అరుగక అట్లే పోవును.

నిలువ ఉంచుటలో ప్రమాదము

ఈ విషయము శ్రద్ధగా చదువవలెను. వెల్లుల్లిని నూనెలో ముంచి, గది వేడిలో రోజుల తరబడి ఉంచరాదు. మట్టిలో నుండు ఒక జాతి సూక్ష్మజీవి వెల్లుల్లితో పాటు వచ్చును. గాలి సోకని నూనె అడుగున, పులుపు లేని చోట అది పెరిగి బొట్యులిజమ్ అను జబ్బునకు కారణమగు విషమును పుట్టించును. ఈ విషము నరములను పట్టి, చూపు మసకబారి, మింగుట కష్టమై, ఊపిరి ఆడక ప్రాణాపాయము కలుగును. 1985లో కెనడా దేశపు వాంకూవరు నగరములో నూనెలో నిలువ చేసిన వెల్లుల్లి వలన ఈ జబ్బు పలువురికి వచ్చినది. ఇట్టి నూనెలో వాసన, రుచి మారకపోవచ్చును గనుక చూచి తెలిసికొనుట సాధ్యము కాదు.

మనము చెప్పిన రసములో నిమ్మపులుపు గలదు. ఆ పులుపు కొంత రక్షణ నిచ్చును. అయినను రిఫ్రిజిరేటరు లేని ఇంటిలో ఏ పూటది ఆ పూటయే చేయవలెను. రిఫ్రిజిరేటరు ఉన్నచో 3 దినములకు మించి ఉంచరాదు. ఎక్కువ చేసి దాచవలెనను కోరిక ఉన్నచో వెల్లుల్లి, అల్లము, కొత్తిమీర వేయక మిగిలినవి కలిపి చల్లదనములో ఉంచి, తినునప్పుడు వాటిని చేర్చవలెను.

పచ్చి కూరలను శుభ్రపరచుట

పచ్చిగా తిను కూరలకు ఉడికించుట అను రక్షణ లేదు. కనుక మురుగునీరు పారిన మడిలోని కూరలను, పచ్చి పశువుల ఎరువు ఇటీవల వేసిన మడిలోని కూరలను పచ్చిగా తినరాదు. పురుగుమందు చల్లిన పిదప డబ్బాపై వ్రాసిన విరామకాలము ముగియువరకు కోయరాదు. అమ్మకమునకైనను ఇంటికైనను ఈ నియమము ఒక్కటే. ఇంటివాడుకకు ఒక చిన్న మడిని మందు చల్లక వేరుగా పెంచుట మంచిది. కోసిన కూరలను ధారగా పడు మంచినీటిలో చేతితో రుద్ది కడుగవలెను. దుంపలను చెక్కు తీయుటకు ముందు ఒకసారి, తీసిన పిదప మరియొకసారి కడుగవలెను. నీటిపై సందేహమున్నచో కాచి చల్లార్చిన నీరు వాడవలెను. కత్తిపీట, చేతులు శుభ్రముగా నుండవలెను. మాంసము, చేపలు కోసిన పీటపై కడుగకుండ కూరలు కోయరాదు.

కల్తీ విషయము

పసుపు కొమ్ములకు మెరుపు వచ్చుటకై లెడ్ క్రోమేటు అను రంగు పూయుట కొన్ని చోట్ల జరిగినది. ఇందులో సీసము గలదు. సీసము పిల్లల మెదడు ఎదుగుదలను చెడగొట్టును. బంగ్లాదేశములో 2019లో పరీక్షించిన అంగడి పసుపు నమూనాలలో 47 శాతము కల్తీవని తేలగా, ప్రభుత్వము గట్టి చర్యలు తీసికొనుటచే 2021 నాటికి అది లేకుండ పోయెను. అనగా తలచినచో ఆపవచ్చునని స్పష్టము. మన పసుపు రైతులు రంగు పూతకు ఎన్నడును సమ్మతింపరాదు. ఇంటి వాడుకకు తమ పంటలోని కొమ్ములనే ఉడికించి, ఎండబెట్టి, దంచుకొనవలెను. ఒక గ్లాసు నీటిలో టీచెంచా పసుపు వేసినప్పుడు మంచి పసుపు అడుగునకు దిగి నీరు లేత పసుపుగా నుండును. నీరు గాఢమైన పసుపు రంగు పొందినచో అనుమానింపవలెను. ఇది ప్రాథమిక పరీక్ష మాత్రమే. నిశ్చయముగా తెలిసికొనుటకు ప్రయోగశాలకు పంపవలెను.

ఆవాలలో ముళ్ల కలుపుమొక్కయైన బలురక్కసి గింజలు కలిసినచో ప్రమాదము. 1998లో ఢిల్లీలో ఈ గింజల నూనె కలిసిన ఆవనూనె వాడి అనేకులు కాళ్లవాపులతో, గుండె బలహీనతతో జబ్బుపడిరి, కొందరు మరణించిరి. ఆవాలను ఏరి వాడవలెను. పొలములో బలురక్కసిని కాయ పట్టక ముందే పీకివేయవలెను.

ఎంత మేలు ఆశింపవచ్చును?

ఈ రసము మందు కాదు. లెక్క చూచినచో ఇది స్పష్టమగును. అర టీచెంచా పసుపు సుమారు 1.5 గ్రాములు. ఐదుగురికి పంచినచో మనిషికి 0.3 గ్రాము. అందులో 3 శాతము చొప్పున కర్కుమిన్ 9 మిల్లీగ్రాములు. కీళ్లనొప్పులపై జరిగిన పరిశోధనలలో దినమునకు 500 మొదలు 1000 మిల్లీగ్రాములు, అంతకు మించియు వాడిరి. అనగా మన కంచములో చేరునది దానిలో యాభయ్యవ వంతుకంటె తక్కువే. కనుక పసుపు కలిపిన సలాడు తిని మోకాలినొప్పి పోవునని ఎవరైన చెప్పినచో నమ్మరాదు. అట్లని పసుపును ఎక్కువగా వేసి చేదు చేసికొనుటయు, గుప్పిళ్లతో మ్రింగుటయు మంచిది కాదు.

మరి ప్రయోజనమేమి? ప్రతి దినము మనిషికి 100 గ్రాముల పచ్చి కూరలు అదనముగా చేరును. వాటిలోని వర్ణ పదార్థములు నూనెతో ఒంటికి పట్టును. నిమ్మవలన ఇనుము పట్టును. ఆ మేరకు అన్నము, ఊరగాయ ఉప్పు, వేపుడు నూనె తగ్గును. పీచు పెరిగి కడుపు తేలికగా నుండును. నెలలు, సంవత్సరములు సాగిన అలవాటే శోథమును తగ్గించును. ఒక పూట తిన్నందువలన ఏమియు మారదు.

ఎవరు జాగ్రత్త పడవలెను?

రక్తము గడ్డకట్టకుండ మందు వాడువారు, పిత్తాశయములో రాళ్లు గలవారు పసుపు, అల్లము, వెల్లుల్లి వంటకములో వాడు కొలత మించరాదు. పసుపు మాత్రలు, కషాయములు వైద్యుని అడుగక వాడరాదు. మిరియములు కొన్ని మందులు రక్తములో చేరు మోతాదును పెంచును గనుక మూర్ఛ, క్షయ మందులు వాడువారు మిరియాల మాత్రల జోలికి పోరాదు. మూత్రపిండముల జబ్బు గలవారు పచ్చి కూరలు ఎంత తినవలెనో వైద్యుని అడుగవలెను. రక్తపు పోటు గలవారు ఉప్పును సగమునకు తగ్గించి నిమ్మ, మిరియము పెంచవలెను. నువ్వులు, ఆవాలు పడనివారు వాటిని మానవలెను.

ఉదయము లేవగానే రెండు చేతుల చిన్న కీళ్లు వాచి, గంటకు పైగా బిగిసి యున్నచో, అది వయస్సుతో వచ్చు అరుగుదల కాకపోవచ్చును. కీళ్లవాతము కావచ్చును. దీనికి నేడు మంచి మందులు గలవు. మొదటి నెలలలోనే ఆరంభించినచో కీళ్లు వంకరపోకుండ కాపాడుకొనవచ్చును. ఇంటి చిట్కాలతో కాలము గడిపినచో వంగిన వ్రేళ్లు మరల తిన్నగా కావు. ఇట్టివారు ఆలస్యము చేయక ప్రభుత్వ ఆసుపత్రికి పోవలెను. నొప్పిమాత్రలను దినదినము తమంతట తాము కొని మ్రింగుట మూత్రపిండములకు, కడుపునకు హాని చేయును. వైద్యుడిచ్చిన మందును మాని సలాడుపై ఆధారపడుట అంతకంటె పెద్ద పొరపాటు.

పెరటిలో ఏమి వేయవలెను?

బావిగట్టు ప్రక్కన ఒక నిమ్మచెట్టు చాలును. బాలాజీ రకము గజ్జి తెగులును కొంతవరకు తట్టుకొనును. తొలకరిలో ఒక చిన్న మడిలో పసుపు, అల్లము కొమ్ములు నాటినచో ఇంటి అవసరము తీరును. వాడిన నీరు పారు చోట సబ్బునీరు తగులకుండ మళ్లించి పుదీన వేయవచ్చును. కొత్తిమీరను పది పదిహేను దినములకొకసారి కొద్దికొద్దిగా చల్లినచో ఎడతెగక లభించును. శీతకాలములో క్యారెట్టు, ముల్లంగి, క్యాబేజీ, వెల్లుల్లి, మిగిలిన కాలములలో దోస, ఉల్లి వేయవచ్చును. కూరలు లేని రోజున గుప్పెడు పెసలు నానబెట్టి మొలకెత్తించినచో చాలును.

గుర్తుంచుకొనదగిన అంశములు

1. నూనె, నిమ్మరసము సమపాళ్లుగా తీసికొనవలెను. అర కిలో ముక్కలకు చెరి 2 పెద్ద చెంచాలు.
2. పసుపు, మిరియము గోరువెచ్చని నూనెలో. నిమ్మ, ఆవాలు చల్లని రసములో.
3. ఏ పూటది ఆ పూటయే. వెల్లుల్లి నూనెను నిలువ చేయరాదు.
4. కూరలను మంచినీటి ధారలో కడుగవలెను. మందు చల్లిన విరామకాలము పాటింపవలెను.
5. ఇది ఆహారము, మందు కాదు. వాచిన కీళ్లకు వైద్యుని చూడవలెను.

పంట చేతికి వచ్చినప్పుడు అంగడి మూటలు కట్టుటకు ముందు, ఇంటికి కావలసిన పసుపు, నువ్వులు, ఆవాలు విడిగా తీసి డబ్బాలలో పోసి పెట్టవలెను. విత్తనము తీసి యుంచిన తరువాతనే కదా మిగిలినది అమ్ముదుము. ఇంటిల్లిపాది ఆరోగ్యమునకు కావలసినదియు అట్లే తీసి యుంచవలసినదే.